బండికేం కాలే

బండి మీద నుంచి పడ్డ మనిషి నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంటో ఎప్పుడైనా గమనించారా? "ఏం కాలే." ఇంకా లేవకముందే, మోకాలు చూసుకోకముందే, పక్క పాన్‌షాపు నుంచి జనం పరుగెత్తి రాకముందే "ఏం కాలే, ఏం కాలే" అనేస్తాం. తర్వాత బండిని లేపుతాం. రెండు కిక్కులు కొడతాం. స్టార్ట్ అయితే చాలు, "బండికి కూడా ఏం కాలే" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తాం.

నా అభిప్రాయం ఏంటంటే, విప్పి చూడకుండా ఆ మాట అనే హక్కు పడ్డవాడికి లేదు. ఎందుకంటే మనం పడేసిన బండిని తర్వాత నడిపేది చాలాసార్లు మనం కాదు. మా ఇంట్లో అది నడిపింది మా నాన్న.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక చిన్న రిక్వెస్ట్. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో రెండు పేజీలు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి. ఒక ధైర్యం మాత్రం ఉంది. బండి మెకానిక్ దగ్గర సగం మాటలు ఇంగ్లిషే కాబట్టి ఎలాగోలా గట్టెక్కుతాననుకుంటున్నా.

మాది కొత్తగూడెం. సింగరేణి హెడ్డాఫీసు ఉన్న ఊరు. రైల్లో వచ్చేవాళ్లకి మాత్రం స్టేషన్ బోర్డు మీద 'భద్రాచలం రోడ్' అని కనిపిస్తుంది. మొదటిసారి వచ్చేవాళ్లు దిగాలా వద్దా అని కంగారు పడతారు. దిగండి, అదే మా ఊరు. నాన్న అండర్‌గ్రౌండ్‌లో సపోర్ట్ పని చేస్తాడు. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దన్ను పెట్టే పని. మా వైపు గనిని బాయి అంటారు. డ్యూటీకి పోవడమంటే బాయికి పోవడమే. ఇంట్లో ఒకటే బండి, పాత స్ప్లెండర్. నాన్న డ్యూటీ, అమ్మ కూరగాయలు, గ్యాస్ సిలిండరు, సెలవుల్లో నా షికార్లు, అన్నీ దాని మీదే.

సెమిస్టర్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం రుద్రంపూర్‌లో ఫ్రెండ్‌ని కలిసి తిరిగి వస్తున్నా. సన్నగా తుంపర. మా రోడ్ల మీద లారీల నుంచి రాలిన బొగ్గు పొడి ఎప్పుడూ ఉంటుంది. వాన గట్టిగా కొడితే అది కడుక్కుపోతుంది. తుంపర పడితే మాత్రం నల్లటి పేస్టులా తయారవుతుంది. మలుపులో ముందున్న ఆటో సడన్‌గా ఆగింది. నా స్పీడు ముప్ఫై కూడా దాటి ఉండదు. ముందు బ్రేకు గట్టిగా పట్టా. టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు ఎంతో అంతే. మలుపులో అందులో కొంత బండిని తిప్పడానికే ఖర్చయిపోతుంది. మిగిలిందే బ్రేకుకి. తడి బొగ్గు పొడి మీద ఆ మిగిలింది దాదాపు సున్నా. ముందు చక్రం జారింది, బండి కుడివైపు పడింది, నేనూ బండీ కలిసి నాలుగడుగులు జారాం.

మోకాలు, మోచెయ్యి గీరుకుపోయాయి. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు. జనం లేపారు. "ఏం కాలే అన్నా" అన్నా. బండిని చూస్తే కుడి అద్దం పగిలింది, ఇండికేటర్ వైరుకి వేలాడుతోంది, లెగ్‌గార్డు వంగింది, సైలెన్సర్ మీద గీతలు, హ్యాండిల్ కాస్త వంకర. కిక్ కొడితే స్టార్ట్ అయింది. ఆ టైంలో నా బుర్రలో తిరిగింది ఒకటే. సాయంత్రంలోగా ఇవన్నీ నాన్నకి కనిపించకుండా చేయాలి.

మెకానిక్ అన్న చుట్టూ తిరిగి చూసి, "బండి ఈడ వదిలిపెట్టు తమ్ముడూ. ఫోర్కు, బ్రేకు విప్పి చూడాలె. రేపు పొద్దున ఇస్తా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "వద్దన్నా, నాన్నకి నైట్ షిఫ్టుంది. పైకి కనిపించకుండా చెయ్యి చాలు" అన్నా. కొత్త అద్దం, కొత్త ఇండికేటర్, లెగ్‌గార్డు మీద నల్ల పెయింటు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్‌ని ఒక్క గుంజు గుంజాడు. వంకర పోయింది. నాలుగు వందల ఇరవై అయింది. వచ్చేటప్పుడు కూడా "బ్రేకు ఒకసారి చూపించుకో" అని అన్నాడు. విన్నా. కానీ వినిపించుకోలేదు.

కాలనీలో రెండు రౌండ్లు కొట్టి చూశా. ఇరవై స్పీడులో బ్రేకు తొక్కితే బండి ఆగింది. పాస్. మన సీఎస్ఈ వాళ్లకి ఈ రోగం బాగా తెలుసు. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రాసి, ఏ ఇన్‌పుట్‌కి అది పనిచేస్తుందో తెలిసి అదే ఇన్‌పుట్ ఇచ్చి, అవుట్‌పుట్ చూపించి, సైన్ చేయించుకుని బయటపడతాం. ఎడ్జ్ కేస్ సంగతి తర్వాత. నేను ఇరవై స్పీడులో మెత్తగా తొక్కి చూసింది కూడా అలాంటి టెస్టే. మెత్తగా తొక్కితే ఏ బ్రేకైనా పనిచేస్తుంది. గట్టిగా తొక్కాల్సి వచ్చినప్పుడు దాని సంగతి తెలుస్తుంది.

రాత్రి పదింటికి నాన్న బయలుదేరాడు. నేను మంచం మీద ఫోన్ పట్టుకుని పడుకుని ఉన్నా. బండి సౌండ్ వీధి మలుపు దాకా వినిపించింది. అప్పుడు కూడా ఫోన్ చేసి చెప్పొచ్చు. చేయలేదు.

గంట కాకముందే నాన్న తిరిగొచ్చాడు. తన బ్యాచ్ అంకుల్ ఒకాయన బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. చీకట్లో రోడ్డుకి అడ్డంగా గేదె నిలబడి ఉందట. నాన్న వెనక బ్రేకు తొక్కితే పెడల్ సగం దాకా దిగి టక్కున ఆగిపోయిందట. ముందు బ్రేకు గట్టిగా పట్టొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. తడి రోడ్డు మీద అలా పడితే ఏమవుతుందో నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. నాన్నకి పాతికేళ్ల నుంచి తెలుసు. అందుకే మెల్లగా పట్టి, బండిని రోడ్డు దింపి, కాలు ఆనించి తుప్పల్లో ఆపాడు. కుడి కాలి మడమ దగ్గర మెలిక పడింది. ఆ రాత్రి మస్టర్ పోయింది. తర్వాత ఇంకో ఐదు మస్టర్లు పోయాయి. మస్టరంటే ఏంటో కోల్‌బెల్ట్ పిల్లలకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా, మస్టరంటే ఆ రోజు హాజరు. జీతం, సెలవులు అన్నీ దాని మీదే లెక్క.

నాన్న మంచం మీద కూర్చుని, కాలు స్టూల్ మీద పెట్టుకుని ఒకటే అడిగాడు. "ఎప్పుడు పడ్డవ్?"

చెప్పా.

"చెప్తే తిడతా అనుకున్నవా?"

"ఊఁ."

"తిట్టేవాణ్ణే. తిట్టి, ఇంకొకరి బండెక్కి పోయేవాణ్ణి."

ఇంకేం అనలేదు. అమ్మ జండూబామ్ తెచ్చింది. ఆ మాటకి సమాధానం ఇప్పటికీ నా దగ్గర లేదు.

మర్నాడు అదే మెకానిక్ అన్న దగ్గరికి మళ్లీ వెళ్లా. ఈసారి బండి ఆయన చెప్పినంతసేపు అక్కడే ఉంది. నేను పానాలు అందిస్తూ పక్కనే కూర్చున్నా. నాలుగు సెమిస్టర్లలో నేర్చుకోనిది ఆ ఒక్క రోజులో చూశానంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే, కానీ డీబగ్గింగ్ అంటే ఏంటో మాత్రం అక్కడే అర్థమైంది.

మొదట డబుల్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపాడు. హ్యాండిల్‌ని ఒక వేలితో ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పాడు. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టుంటే లోపల కోన్ సెట్ దెబ్బతిన్నట్టు. తర్వాత ఫోర్కు గొట్టాల్ని కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాడు. టకటకమంటే లూజున్నట్టు. మాది బాగానే ఉంది. అప్పుడు బండి పక్కన నిలబడి రెండు గొట్టాల్నీ ఒక కన్ను మూసి చూశాడు. ఒకదాని వెనక ఒకటి సరిగ్గా దాక్కోవాలి. దాక్కోలేదు. ముందు రోజు నేను తొందర పెడితే గుంజింది హ్యాండిల్‌ని మాత్రమే సూటిగా కనిపించేలా చేసింది. లోపల ఫోర్కు ఇంకా కొంచెం మెలిక పడే ఉంది. గొట్టాల్ని పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి, సెట్ చేసి, మళ్లీ వరసగా బిగించాడు. గొట్టం వంగలేదు కాబట్టి బతికిపోయాం. ఆయిల్ సీల్ దగ్గర తడి ఉందేమో కూడా వేలితో తుడిచి చూశాడు.

తర్వాత చక్రం తిప్పి, రిమ్ము పక్కన స్క్రూడ్రైవర్ మొన కదలకుండా పట్టుకున్నాడు. రిమ్ము సొట్టపోతే మొనకి ఒకచోట దగ్గరై, ఇంకోచోట దూరమవుతుంది. స్పోకుల్ని ఒక్కొక్కటే వేలితో మీటాడు. బిగుతుగా ఉన్నది ఒకలా మోగుతుంది, వదులైంది ఇంకోలా మోగుతుంది. రెండు వదులయ్యాయి.

చివరికి బ్రేకు. కుడివైపు పడినప్పుడు పెడల్ లోపలికి వంగింది. మామూలుగా తొక్కితే ఏం తెలీదు. గట్టిగా తొక్కితే సగం దిగాక ఇంజన్ కేసుకి ఆనుకుని ఆగిపోతోంది. అంటే డ్రమ్ములో బ్రేకు షూలు పూర్తిగా విచ్చుకునేలోపే పెడల్ దారి మూసుకుపోతోంది. ఇనుప పెడల్ కాబట్టి విప్పి, కాల్చి, సరిచేశాడు. ముందు బ్రేకు లివర్ చివర కూడా వంగింది. దాన్ని కూడా అలాగే సాగదీస్తే సరిపోతుంది కదా అని అడిగా. "అది అల్యూమినియం తమ్ముడూ. మళ్లీ వంచితే పైకి మంచిగనే ఉంటది, లోపల పగులొస్తది. ఎమర్జెన్సీల చేతిలకొచ్చేస్తది" అని కొత్తది వేశాడు. లేబర్‌తో కలిపి మొత్తం పదకొండు వందల ఎనభై అయింది. ముందు రోజు పెయింటుకీ అద్దానికీ పెట్టిన డబ్బులతో పెడల్, ఫోర్కు పని రెండూ అయిపోయేవి.

ఇంటికొచ్చి నాన్నకి స్పోకుల సంగతి చెప్పా. నాన్న నవ్వి, బాయిలో కూడా అంతేనన్నాడు. మనుషులు లోపలికి వెళ్లే ముందు సర్దార్ పైకప్పుని కర్రతో కొట్టి చూస్తాడు. గట్టి రూఫైతే ఖణేల్‌మంటుంది. పొర విడిపోయి ఉంటే బోలు శబ్దం వస్తుంది. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. ముఖ్యంగా బ్లాస్టింగ్ అయ్యాక కొట్టి చూడకుండా ఎవర్నీ లోపలికి పంపరు. బ్లాస్టింగ్ అంటే బాయికి పెద్ద కుదుపు. పడటమంటే బండికి కుదుపు. కుదుపు తర్వాత చూడాలి. పాతికేళ్లుగా ఇదే పని చేసే మనిషి ఇంట్లో పుట్టి నేను పెయింటు కొట్టించుకుని వచ్చా.

ఇక్కడ నేను నాన్నల వైపు కూడా ఒక మాట అనాలి. అంటే నా తప్పు తగ్గుతుందని కాదు. పిల్లలు ఎందుకు దాస్తారు? చెప్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి. బండి తాళాలు లాక్కుంటారు. సంవత్సరం పాటు ప్రతి చుట్టం ముందూ అదే కథ చెప్తారు. "వీడికి బండిస్తే ఇంతే" అనే బిరుదు పెళ్లి దాకా వెంట వస్తుంది. నిజం చెప్పినందుకు శిక్ష, దాచినందుకు ఏమీ లేదు అన్నప్పుడు పంతొమ్మిదేళ్లవాడు ఏది ఎంచుకుంటాడు?

పెద్ద పెద్ద సంస్థలు ఈ సమస్యని ఎప్పుడో గుర్తించాయి. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1952 మైన్స్ యాక్ట్‌లోని 23వ సెక్షన్ చూడండి. మనుషులు చనిపోయినా, తీవ్రంగా గాయపడినా రిపోర్టు చేయాలని అందులో ఎలాగూ ఉండేది. దాంతోపాటు నిప్పు అంటుకున్నా, నీళ్లు ఉబికి వచ్చినా, మనుషుల్నీ సామాన్లనీ దింపే తాడు తెగినా రిపోర్టు చేయాల్సి ఉండేది. ఆ రోజు ఎవరి అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగలకపోయినా సరే. ఎందుకంటే ఇవాళ ఊరికే తెగిన తాడు రేపు మనుషులున్నప్పుడు తెగుతుంది.

అమెరికాలో విమానాల వాళ్లకి 1976 నుంచి ఒక పద్ధతి ఉంది. పైలట్ ఏదైనా పొరపాటు చేసి, అది కావాలని చేసింది కాకపోతే, తనంతట తాను రాసి నాసా నడిపే ఒక వ్యవస్థకి పంపొచ్చు. పేరు తీసేసి అందులోని పాఠం మిగతావాళ్లకి చెప్తారు. అలా టైంకి చెప్పినవాళ్లకి జరిమానా నుంచి చాలావరకు రక్షణ ఉంటుంది. గమనించండి, అక్కడ దానం ధర్మం ఏమీ లేదు. శిక్షిస్తే జనం దాస్తారు, దాస్తే విమానం కూలుతుంది అనే లెక్క అది. మనం రేపు ఉద్యోగాలకి వెళ్తే సర్వర్ డౌన్ అయినప్పుడు చేసే బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ వెనక ఉన్నది కూడా అదే ఆలోచన. పైలట్లకి, ప్రోగ్రామర్లకి ఇచ్చే ఆ సౌకర్యం ఇంట్లో కొడుకుకో కూతురికో ఇస్తే తప్పేంటి? తిట్టండి. తిట్టొద్దని అనట్లేదు. కానీ "చెప్పి మంచి పని చేశావ్" అనే మాట తిట్టులో ఎక్కడో ఒకచోట పెట్టండి.

చిన్న ప్రమాదం కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని అనొచ్చు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో వందకి నలభై నాలుగు మందికి పైగా టూవీలర్ మీద ఉన్నవాళ్లే. ఇవి పోలీసు రికార్డుల్లోకి ఎక్కినవి. నాలాగా పడి, దులుపుకుని, "ఏం కాలే" అని వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు. గేదె ఇంకో పది అడుగులు దగ్గరగా ఉండి ఉంటే మా నాన్న ఉండేవాడు. అప్పుడు కారణం కింద ఏమని రాసేవాళ్లు? చీకటి, తడి రోడ్డు, గేదె. నా నాలుగు వందల ఇరవై రూపాయల బిల్లు ఎవరికి కనిపించేది?

ఇంకో అభ్యంతరం డబ్బులు. ఇది నిజమైన అభ్యంతరం. స్టూడెంట్ దగ్గర వెయ్యి రూపాయలు ఎక్కడివి? చాలా పాత బండ్లకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంటుంది. అది ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి. మన బండి రిపేరుకి అందులోంచి రూపాయి రాదు. కాబట్టి ఉన్న డబ్బుని ఏ వరసలో ఖర్చు పెట్టాలన్నదే అసలు ప్రశ్న. నా వరస ఇది. మొదట ఆపేవి, అంటే బ్రేకులు. తర్వాత తిప్పేవి, అంటే హ్యాండిల్, ఫోర్కు, చక్రాలు. తర్వాత చూపించేవి, అంటే లైట్లు, ఇండికేటర్లు, అద్దాలు. అందంగా కనిపించేవి అన్నిటికన్నా చివర. నేను దీన్ని సరిగ్గా తలకిందులుగా చేశా.

పైగా చూడటానికి డబ్బులు అవసరం లేదు. బండి ఆపి ఉంచి పెడల్‌ని పూర్తి బలంతో తొక్కండి. ఎక్కడైనా తగులుతోందా? లివర్ పూర్తిగా పట్టండి. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. కేబుల్ ఎక్కడైనా గుంజుతోందా? డబుల్ స్టాండ్ వేసి రెండు చక్రాలూ తిప్పి చూడండి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతూ బండి ఒక పక్కకి లాగుతోందేమో చూడండి. పది నిమిషాల పని. ఏ ఒక్కటి తేడాగా అనిపించినా బండి అక్కడే ఆపేసి మెకానిక్‌ని పిలవండి. కొత్త బండ్లున్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న బండ్లలో ఎక్కువగా కంబైన్డ్ బ్రేకు వస్తోంది. వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అందులో పెడల్ వంగితే రెండు బ్రేకుల లెక్కా తప్పుతుంది.

హెల్మెట్ సంగతి చాలామంది మర్చిపోతారు. నేనూ మర్చిపోయా. బయట ప్లాస్టిక్ మీద చిన్న గీతే కదా అని మళ్లీ అదే పెట్టుకుంటాం. తలని కాపాడేది ఎక్కువగా లోపలున్న థర్మోకోల్ లాంటి పొర. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి ఆ దెబ్బని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగిందంటే మళ్లీ ఉబ్బదు. అంటే దాని పని అయిపోయినట్టే. రోడ్డుకి తగిలిన హెల్మెట్‌ని మార్చేయాలి. కొనేటప్పుడు ఐఎస్ 4151 అని ఐఎస్ఐ మార్కు ఉందో లేదో చూడాలి. ఆ రాత్రి నాన్న పెట్టుకున్నది మధ్యాహ్నం నాతో పాటు రోడ్డుకి తగిలిన హెల్మెటే. ఇది నాకు నాలుగు రోజుల తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మన క్యాంపస్ సంగతి. మన హాస్టల్లో ఎవరి బండి ఎవరిదో దేవుడికే తెలియాలి. "మామా, పది నిమిషాలు బండివ్వరా" అని ఒకడు తీసుకుంటాడు. వాడి దగ్గర నుంచి ఇంకొకడు. రాత్రికి తాళం మళ్లీ ఓనర్ టేబుల్ మీద ఉంటుంది. పొద్దున చూస్తే అద్దం కొత్తది. "ఏంట్రా ఇది" అంటే "ఏం కాలే మామా, ఊరికే పార్కింగ్‌లో ఒరిగింది." ఇది ఎంతమందికి జరిగిందో మీ మీ రూముల్లో అడిగి చూడండి.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. అరువు తీసుకున్న బండి పడితే తాళం ఇచ్చే ముందు మూడు విషయాలు చెప్పండి. ఏ పక్క పడింది, ఎంత స్పీడులో పడింది, పడ్డాక ఏమేం చూశావు. రిపేరు డబ్బులు లేకపోతే "లేవు" అని చెప్పండి, నెల నెలా ఇచ్చుకోండి. ఓనర్లకి కూడా ఒక మాట. వాడు నిజం చెప్పిన రోజు వాడి పరువు తీయకండి. తీస్తే తర్వాత ఎవడూ చెప్పడు. తాళం మాత్రం చప్పుడు లేకుండా టేబుల్ మీదకి వస్తుంది.

పోయిన నెల ఇంటికి వెళ్లినప్పుడు మళ్లీ పడేశా. నిజంగానే చిన్నది. రైతు బజార్ దగ్గర స్టాండ్ సరిగ్గా వేయక బండి దానంతట అదే ఎడమవైపు ఒరిగి పడింది. నేను దాని మీద కూడా లేను. లివర్ చివర చిన్న గీత, అంతే. అక్కడే నిలబడి ఫోన్ చేశా.

"నాన్నా, బండి పడింది."

"నీకేమైంది?"

"నాకేం కాలే. నేను దాని మీద లేను."

"బండికి?"

నోటిదాకా వచ్చింది. ఆపుకున్నా.

"ఇంకా చూడలే. చూసి చెప్తా."

"ఊఁ. చూసి చెప్పు" అన్నాడు నాన్న. పెట్టేయబోతూ, "క్లచ్ గూడ చూడు, ఎడమపక్క పడ్డది గదా" అన్నాడు. తిట్టడం ఇంటికెళ్లాక మొదలైంది.